పేపర్లు లెక్కపెట్టకండి, చదవండి: ఉపకులపతులకు ఒక సంపాదకుని బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, పరిశోధన విభాగాల డీన్లకు నమస్కారాలు.

హైదరాబాదు నుంచి వెలువడే ఒక చిన్న పరిశోధన పత్రికకు నేను సంపాదకుణ్ణి. శాస్త్రవేత్తల సంఘం నడిపే పత్రిక అది. జీవరసాయన శాస్త్రంలోనూ దాని ఇరుగుపొరుగు రంగాల్లోనూ జరిగే పరిశోధనలను ప్రచురిస్తాం. రచయితల దగ్గర రూపాయి తీసుకోం. పగలంతా తరగతులు, ప్రయోగశాల ఉంటాయి కనుక సంపాదకత్వం రాత్రిళ్లూ ఆదివారాలూ చేసే పని. దీనికి జీతం లేదు. ఇష్టపడి తలకెత్తుకున్నాను కనుక దాని గురించి నాకు ఫిర్యాదు కూడా లేదు.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) తాను గుర్తించిన పరిశోధన పత్రికల ‘కేర్’ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది. ఏ పత్రికను నమ్మాలో, దేన్ని నమ్మకూడదో తేల్చుకునే బాధ్యతను కొన్ని సూచనలతో విద్యాసంస్థలకే అప్పగించింది. అంటే ఇన్నాళ్లూ ఢిల్లీలో ఉన్న నిర్ణయం మీ చేతికి వచ్చింది. మిత్రులు చెబుతున్నదాన్ని బట్టి చాలాచోట్ల కమిటీలు కూర్చుని మళ్లీ ఇంకో జాబితా తయారుచేస్తున్నాయి. స్కోపస్ అనే అంతర్జాతీయ పత్రికల సూచికలో ఉంటే చాలని కొందరు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పత్రికలోని వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె) ఇంతకు తగ్గకూడదని ఇంకొందరు వాదిస్తున్నారట. ఆ జాబితాలు సర్క్యులర్లుగా మారకముందే నా మాట మీ చెవిన వేయాలనుకున్నాను. పరిశోధన విలువ తెలియాలంటే దాన్ని చదవాలి. చదివే పనిని మన విశ్వవిద్యాలయాలు చాలా ఏళ్లుగా పత్రికల మీద వదిలేశాయి. ఆ బరువును పత్రికలు మోయలేకపోతున్నాయి.

మాకు వచ్చే ఉత్తరాలు చూస్తే ఈ సంగతి మీకే అర్థమవుతుంది. వ్యాసం పంపిన మూడో రోజే ఒక సహాయ ఆచార్యుడు ఫోన్ చేస్తారు. పదోన్నతి ఇంటర్వ్యూ నెలాఖరున ఉంది, ఆలోగా అంగీకార పత్రం కావాలంటారు. సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి గడువు ముంచుకొస్తోందని, పత్రికలో అచ్చయిన పేపరు లేకపోతే దాన్ని తీసుకునేది లేదన్నారని పీహెచ్‌డీ విద్యార్థిని ఏడుపు గొంతుతో మాట్లాడుతుంది. ఇంట్లో పెళ్లి ఒత్తిడి ఉందనీ, ఫెలోషిప్ అయిపోయిందనీ చెబుతుంది. ఆ అమ్మాయి చేసిన ప్రయోగం గురించి మాత్రం మా ఇద్దరి మధ్య ఒక్క మాటా నడవదు. నేను అడగబోతే ‘అది తర్వాత సరిచేస్తాను సార్, ముందు లెటర్ ఇవ్వండి’ అంటుంది. ఆమె తప్పేమీ లేదు. ఆమె ఏం కనుక్కుందో ఆమె విభాగంలో ఎవరూ అడగలేదు. పేపరు ఉందా అనే అడిగారు.

పీహెచ్‌డీకి పేపరు తప్పనిసరి అన్న నిబంధన 2009లో యూజీసీ పెట్టినది. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో యూజీసీయే దాన్ని తీసేసింది. అయినా అనేక విశ్వవిద్యాలయాలు సొంత తీర్మానాలతో దాన్ని కొనసాగిస్తున్నాయి. అధ్యాపకుల విషయంలో 2018 నిబంధనలు సహ ఆచార్య పదవికి ఏడు ప్రచురణలు, ఆచార్య పదవికి పది ప్రచురణలు కనీసం ఉండాలన్నాయి. ఆ అంకెలు మార్చడం మీ చేతిలో లేదని నాకు తెలుసు. అయితే అంకె పూర్తయ్యాక ఆ ఏడింటిలో, పదింటిలో ఏముందో తెరిచి చూడవద్దని ఏ నిబంధనా చెప్పలేదు. ఎంపిక కమిటీ బల్ల మీద అభ్యర్థుల ఫైళ్లు పేర్చి, పేపర్ల మొదటి పేజీలను మాత్రం తిప్పి, వంకాయలు తూచినట్టు పాయింట్లు వేయడం మన అలవాటు, అంతే. అలవాటును మార్చుకోవడానికి గెజిట్ అక్కరలేదు.

ఒక వ్యాసం మా దగ్గరికి వచ్చాక ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. మీలో చాలామంది పరిశోధకులే కనుక తెలిసిన విషయమే కావచ్చు. అయినా సర్క్యులర్ రాసేటప్పుడు ఇది గుర్తుండటం లేదు.

ఒక మొక్క ఆకుల సారానికి యాంటీఆక్సిడెంట్ గుణం ఉందనే వ్యాసాన్ని తీసుకుందాం. మన కళాశాలల నుంచి ఇలాంటివి చాలా వస్తాయి. ఖరీదైన పరికరాలు లేనిచోట చేయగలిగిన పరిశోధన అది. అందులో తక్కువ చూపు చూడవలసినది ఏమీ లేదు. ముందు నేను చదువుతాను. ఆ మొక్క నమూనాను ఎండబెట్టిన మొక్కలను దాచే ఏదైనా హెర్బేరియంలో భద్రపరిచి సంఖ్య తీసుకున్నారా? లేకపోతే ఆ మొక్క అదేనని రేపు ఎవరు రూఢి చేస్తారు? ఏ నెలలో కోశారు, నీడన ఆరబెట్టారా ఎండలోనా, ఏ ద్రావణితో సారం తీశారు? పోల్చిచూడటానికి విటమిన్ సి లాంటి తెలిసిన పదార్థాన్ని పెట్టారా? మూడుసార్లు చేశామని రాస్తే, అవి మూడు వేర్వేరు రోజుల ప్రయోగాలా, ఒకే పళ్లెంలో పక్కపక్కన ఉన్న మూడు గుంటలా? ఈ రెండింటికీ ఉన్న తేడాయే ఆ పేపరుకు ఆయువుపట్టు. పట్టిక కింద ఇచ్చే ‘ఎన్ సమానం 3’ అనే చిన్న గుర్తులో ఆ తేడా దాగి ఉంటుంది.

ఆ తర్వాత ఇతరుల వ్యాసాలతో పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేస్తాం. చాలామంది అనుకునేది అది ఇచ్చే శాతమే తీర్పు అని. పద్ధతుల భాగంలో పోలిక ఎక్కువ కనిపించడం సహజం, ఒకే పద్ధతిని ఎవరు రాసినా దాదాపు అవే మాటలు వస్తాయి. ఫలితాల భాగంలో రెండు వాక్యాలు కలిసినా అనుమానించాలి. బొమ్మలను పెద్దవి చేసి చూస్తాం. ప్రొటీన్ల పట్టీలు చూపే బ్లాట్ చిత్రాల్లో ఒకే పట్టీని తలకిందులు చేసి రెండోచోట అతికించడం అరుదేమీ కాదు. 40 పత్రికల్లోని 20,621 పేపర్లను కంటితో పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో దాదాపు 3.8 శాతం పేపర్లలో ఇలా అనుమానం రేపే బొమ్మలు బయటపడ్డాయి. అవన్నీ అచ్చయి, లెక్కల్లో చేరి, పదోన్నతులు తెచ్చిపెట్టిన పేపర్లు.

ఇదంతా దాటాక అసలు కష్టం మొదలవుతుంది. రిఫరీలు, అంటే వ్యాసాన్ని చదివి సమీక్ష రాసే నిపుణులు, దొరకాలి. ఆ విషయం నిజంగా తెలిసినవారు, రచయితతో కలిసి పనిచేయనివారు, పగలేనివారు, ఖాళీ ఉన్నవారు కావాలి. పదిమందికి రాస్తే ఇద్దరు ఒప్పుకోవడం గగనం. కొందరు జవాబే ఇవ్వరు. కొందరు ఒప్పుకుని రెండు నెలల తర్వాత ‘బాగుంది, ప్రచురించవచ్చు’ అని ఒక్క వాక్యం పంపుతారు. అది సమీక్ష కాదు, దానితో నేనేమీ చేయలేను. మనసు పెట్టి చదివే రిఫరీకి ఒక పేపరు మీద ఒక పూట, ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. ప్రపంచమంతా కలిపి 2020లో రిఫరీలు ఈ పనికి 10 కోట్ల గంటలకు పైగా వెచ్చించారని ఒక అంచనా. ఆ గంటలకు మీ వార్షిక మదింపు పత్రాల్లో గడి ఉందా అని అడుగుతున్నాను. మంచి సమీక్షకులని నేను నమ్మే ఆచార్యులు ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. ‘సొంత పేపర్లకే టైము చాలడం లేదండీ, ఇది ఎందులోనూ లెక్కకు రాదు’ అంటున్నారు. వారికి నేనేం చెప్పను?

రిఫరీ అనే మనిషి ఎంత పని చేయగలడో చెప్పడానికి 1936 నాటి సంఘటన ఒకటి చాలు. ఐన్‌స్టీన్, నేథన్ రోజెన్ కలిసి గురుత్వ తరంగాలు ఉండవని వాదించే వ్యాసాన్ని అమెరికాలోని ఫిజికల్ రివ్యూకు పంపారు. సంపాదకుడు జాన్ టేట్ దాన్ని ఒక రిఫరీకి పంపించి, ఆయన రాసిన పది పేజీల విమర్శను ఐన్‌స్టీన్‌కు తిప్పి పంపారు. అచ్చుకు ముందే తన వ్యాసాన్ని వేరొకరికి చూపించడానికి తాను అనుమతి ఇవ్వలేదంటూ ఐన్‌స్టీన్ కోపంతో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత వాదనలో పొరపాటు ఉందని తేలింది. 1937లో వేరే పత్రికలో అచ్చయ్యేసరికి ముగింపు మారిపోయింది. ఆ రిఫరీ భౌతికశాస్త్రవేత్త హెచ్.పి. రాబర్ట్‌సన్ అని పత్రిక పాత రిజిస్టరు ద్వారా లోకానికి తెలిసింది దాదాపు ఏడు దశాబ్దాల తర్వాత, 2005లో. గురుత్వ తరంగాలను 2015 సెప్టెంబరులో పరికరాలు పట్టుకున్నాయి.

ఈ కథలో నన్ను కదిలించేది ఐన్‌స్టీన్ పొరబడటం కాదు, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. జగత్ప్రసిద్ధుడి వ్యాసాన్ని కూడా ఒక సంపాదకుడు చదివించాలనుకోవడం, ఒక శాస్త్రవేత్త పేరు లేకుండా, ప్రతిఫలం లేకుండా పది పేజీలు రాయడం నన్ను కదిలిస్తుంది. అలాంటి పది పేజీలు రాసే ఓపిక మన విశ్వవిద్యాలయాల్లో ఉంది. నేను చూశాను. మారుమూల జిల్లాలోని కళాశాల నుంచి వచ్చిన బలహీనమైన వ్యాసానికి ఒక విశ్రాంత ఆచార్యులు రాసిన సమీక్ష, ఆ రచయితకు ఒక ఏడాది కోర్సుతో సమానమైంది. ఏ ప్రయోగం మళ్లీ చేయాలో, ఖర్చు తక్కువలో ఎలా చేయాలో కూడా ఆయన చెప్పారు. ఏడాది తర్వాత వచ్చిన రెండో ప్రతి మేం గర్వంగా వేసుకున్న పేపర్లలో ఒకటి. ఆ ఆచార్యుల పేరు ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా.

జాబితాల సంగతికి వస్తాను. 2017లో యూజీసీ విడుదల చేసిన ఆమోదిత జాబితాలో 38 వేలకు పైగా పత్రికలు ఉండేవి. మరుసటి ఏడాది మార్చిలో కరెంట్ సైన్స్ పత్రిక ఒక పరిశీలన ప్రచురించింది. విశ్వవిద్యాలయాలు సిఫారసు చేసిన పత్రికల్లోంచి ఎంచుకున్న 1,009ని పరిశీలిస్తే కనీస ప్రమాణాలు అందుకున్నవి 112. మిగిలినవాటిలో చిరునామా, సంపాదకుల వివరాలు కూడా సరిగా లేనివి ఉన్నాయి. దయచేసి గమనించండి, అవి విశ్వవిద్యాలయాలు సిఫారసు చేసినవి. 2018 మేలో 4,305 పత్రికలను తొలగించారు. ఆ తర్వాత వచ్చినదే కేర్. ఇప్పుడు అదీ లేదు. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే వ్యాపారానికి మన ఊరు కూడా పేరుమోసిందని చెప్పడానికి నాకు బాధగా ఉంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఒక ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసగించిందని తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు ఆదేశించింది.

స్కోపస్ లాంటి అంతర్జాతీయ సూచికలో ఉంటే ఈ బెడద ఉండదనే వాదన కమిటీల్లో బలంగా వినిపిస్తోందని తెలిసింది. ఒక్క హిందావి ప్రచురణ సంస్థే 2023లో 8,000కు పైగా పేపర్లను ఉపసంహరించుకుంది. ఆ ఏడాది ప్రపంచం మొత్తం మీద ఉపసంహరణలు 10,000 దాటాయి. ఆ పేపర్లలో చాలా భాగం పేరున్న సూచికల్లో చోటు ఉన్న పత్రికల్లోనే అచ్చయ్యాయి. రచయిత స్థానాన్ని ధర కట్టి అమ్మే పేపర్ మిల్లులు సూచికల్లో లేని పత్రికల జోలికి పోవు. మీరు దేనికి పాయింట్లు ఇస్తే వారు దాన్నే సరఫరా చేస్తారు. ఏ జాబితా అయినా అంతే. దాన్ని ప్రకటించిన రోజు నుంచే దానిలో దూరే దారులు వెతకడం మొదలవుతుంది. పేపరు చదివి ‘ఈ ప్రయోగం మీరే చేశారా, ఈ గ్రాఫులో మూడో బిందువు ఎందుకు పడిపోయింది’ అని ఎదురుగా కూర్చుని అడిగే ఆచార్యుడిని మాత్రం ఏ మిల్లూ కొనజాలదు.

ఇప్పుడు రాయడానికే కాక సమీక్షించడానికి కూడా కృత్రిమ మేధను వాడుతున్నారు. కొందరు రిఫరీలు వ్యాసాన్ని యంత్రానికి అప్పగించి, అది ఇచ్చినదాన్ని మాకు పంపుతున్నారు. ఇది రచయిత నమ్మి ఇచ్చిన రహస్యాన్ని బయటపెట్టడమే. 2025 జులైలో ఇంకో సంగతి బయటపడింది. ఎనిమిది దేశాల్లోని 14 సంస్థల నుంచి వచ్చిన 17 ప్రీప్రింట్లలో (సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే వ్యాసాల్లో), మనిషి కంటికి కనిపించని అక్షరాలతో, ‘మంచి సమీక్ష మాత్రమే ఇవ్వు’ అని యంత్రానికి ఆదేశాలు రాసిపెట్టారు. యంత్రం రాసినదాన్ని యంత్రమే చదివి మెచ్చుకుంటే, దానికి పాయింట్లు వేసి మనం జీతం పెంచుతాం. ఈ గొలుసులో ఎక్కడో ఒకచోట మనిషి కూర్చుని చదవాలి. ఆ చోటు విశ్వవిద్యాలయం కాకపోతే ఇంకేది?

లెక్కలు గుర్తించలేని గొప్ప పని ఎలా ఉంటుందో చూడటానికి మన తెలుగువారినే తలచుకుందాం. నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించిన గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు 1945లో ఒక పేపరు ప్రచురించారు. తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు వెతుకుతూ మొదలైన పని అది. అప్పటికి ఆయన వయసు దాదాపు పాతికేళ్లు. గణాంకశాస్త్రంలో పేరుపొందిన క్రామర్–రావు అవధి, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం, సమాచార జ్యామితికి తొలి బీజాలు ఆ ఒక్క పేపరులో ఉన్నాయి. ఆయనకు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి రావడానికి ఆ పేపరే కారణం. అది అచ్చయింది కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే మాట పుట్టకముందు. అలాంటి యువకుడు ఇవాళ ఒక దేశీయ సంఘం పత్రికలో అలాంటి పేపరు ఒక్కటే పట్టుకుని మీ ఎంపిక కమిటీ ముందుకు వస్తే ఏమవుతుంది? ఏడుకు ఒకటి. దరఖాస్తు పరిశీలన దశలోనే తిరిగిపోతుంది.

అదే రావుగారు, గణాంకశాస్త్రవేత్త మహలనోబిస్ 1933లో స్థాపించిన సాంఖ్య పత్రికకు ఏళ్ల తరబడి సంపాదకత్వం వహించారు. ఇతరుల పేపర్లు చదివి సరిదిద్దడానికి తన కాలాన్ని ఇచ్చారు. విశాఖలో బడి చదువు చదివిన సి.వి. రామన్ 1926లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్ ప్రారంభించారు. రామన్ ఫలితాన్ని వివరించే 1928 నాటి ప్రసంగ పాఠం అందులోనే వెలువడింది. బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడినప్పుడు జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌ను తనతో తెచ్చుకున్నారు, చివరిదాకా దాని సంపాదకుడిగా ఉన్నారు. పిఠాపురం నుంచి వెళ్లిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన దగ్గరే జన్యుశాస్త్రం నేర్చుకున్నారు. పత్రిక నడపడం పరిశోధనలో భాగమని ఆ తరం అనుకుంది. మనం దాన్ని తీరిక వేళల సేవగా మార్చేశాం.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మరో రకం ఉదాహరణ. సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. నూరేళ్లు గడిచాయి. జీవరసాయన ప్రయోగశాలల్లో ఆ పద్ధతిని నేటికీ ఇద్దరి పేర్లతో పిలుస్తున్నారు. మా పత్రికకు వచ్చే వ్యాసాల్లో కూడా కనిపిస్తుంది. అది ఎందుకు నిలిచింది? ఏ ద్రావణం ఎంత పోయాలో, ఎంతసేపు ఆగాలో, ఏది అడ్డొస్తే కొలత చెడుతుందో చదివినవాడు తన బల్ల మీద చేసి చూసుకునేటట్టు రాశారు కనుక. ఒక పేపరుకు నేను పెట్టే పరీక్ష అదే. దూరాన ఉన్న అపరిచితుడు దీన్ని చదివి మళ్లీ చేయగలడా? దీనికి జవాబు అంకెల్లో దొరకదు.

డబ్బు గురించి కూడా చెప్పాలి. ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం కింద కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. నేను దీన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న ప్రభుత్వ కళాశాల అధ్యాపకురాలు ఢిల్లీలో ఉన్నవారు చదివే పేపరునే అదే రోజు చదవగలగడం చిన్న విషయం కాదు. కానీ ఆ 13,000 పత్రికలను ఎవరు చదువుతున్నారో మీ గ్రంథాలయాధికారిని ఒకసారి అడగండి. చదివితే పాయింట్లు రావు. రాస్తేనే వస్తాయి. కనుక అందరూ రాస్తున్నారు. దేశీయ సంఘాల పత్రికలు మాత్రం రిఫరీలూ లేక, అచ్చు ఖర్చులకు డబ్బూ లేక, మంచి వ్యాసాలు విదేశాలకు పోగా మిగిలినవాటితో నెట్టుకొస్తున్నాయి.

మీ విశ్వవిద్యాలయాల తీరులో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే విషయం వేరే ఉంది. మా ఉత్తరాలకు జవాబులు రావు. అచ్చయిన వ్యాసంలో బొమ్మ మార్చారనో, దత్తాంశం (డేటా) కల్పించారనో ఫిర్యాదు వస్తే ముందు రచయితను అడుగుతాం. సంతృప్తికరమైన వివరణ రాకపోతే ఆయన పనిచేసే సంస్థకు రాస్తాం. ప్రచురణ నైతికతకు సంబంధించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పేది అదే. ఎందుకంటే సంపాదకుడికి ప్రయోగశాల తలుపు తెరిపించే అధికారం లేదు, నోటుపుస్తకాలు తెప్పించలేడు, సాక్షులను పిలిచి విచారించలేడు. ఆ అధికారం మీది. మేం రాసిన ఉత్తరం రిజిస్ట్రారు కార్యాలయంలోకి వెళుతుంది. నెలలు గడుస్తాయి. గుర్తుచేస్తూ మళ్లీ రాస్తాం. ఎప్పటికో ‘మా అధ్యాపకుడు ఏ తప్పూ చేయలేదని విచారణలో తేలింది’ అని రెండు పంక్తులు వస్తాయి. ఎవరు విచారించారో, ఏం చూశారో ఉండదు. కొన్నిసార్లు తప్పంతా అప్పటికే వెళ్లిపోయిన పీహెచ్‌డీ విద్యార్థి మీద వేస్తారు. ఈలోగా ఆ పేపరును నమ్మి ఇంకెవరో తమ ప్రయోగం మొదలుపెట్టి, రసాయనాలూ నెలలూ పోగొట్టుకుంటారు.

2025 నాటి విద్యాసంస్థల జాతీయ ర్యాంకింగుల్లో ఉపసంహరించిన పేపర్లకు మార్కులు తగ్గించే పద్ధతి ప్రవేశపెట్టారు. ఉద్దేశం మంచిదే. అయితే దీనివల్ల సంస్థలు ఉపసంహరణను కప్పిపుచ్చడానికి ప్రయత్నిస్తాయేమోనని నా భయం. తన లెక్కలో పొరపాటు తానే కనిపెట్టి ‘నా పేపరు వెనక్కి తీసుకోండి’ అని రాసే పరిశోధకులు ఉంటారు. విజ్ఞానశాస్త్రంలో అంతకు మించిన నిజాయితీ నేను చూడలేదు. వారినీ, దొంగ బొమ్మలు పెట్టి దొరికిపోయినవారినీ ఒకే గాటన కట్టకండి. వారికి మెమో ఇచ్చే రోజు వస్తే, ఇంకెవరూ తన తప్పు తాను చెప్పుకోరు.

నేను కోరుతున్నవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. నియామకంలోనూ పదోన్నతిలోనూ అభ్యర్థిని తన పనిలో మూడో నాలుగో మంచి పేపర్లు ఎంచుకోమనండి. నిబంధన అడిగే సంఖ్య ఎలాగూ ఫైలులో ఉంటుంది. ఎంచుకున్నవాటిని బయటి నిపుణులిద్దరు నిజంగా చదివి, అందులో కొత్తగా తెలిసినది ఏమిటో ఒక పేజీ రాయాలి. ఆ పేజీ లేకుండా కమిటీ కూర్చోకూడదు. అది ఏ పత్రికలో వచ్చిందన్నది ఆ తర్వాతి ప్రశ్న. పీహెచ్‌డీకి పేపరు తప్పనిసరి అనే మీ సొంత తీర్మానాన్ని ఎత్తివేసి, సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షకులు శ్రద్ధగా చదివే ఏర్పాటు చేయండి. మౌఖిక పరీక్ష అందరికీ తెరిచి ఉంచండి, ప్రశ్నలు అడగనివ్వండి.

రిఫరీ పనిని అధ్యాపకుని పనిగంటల్లో చేర్చండి. పత్రికలు ధ్రువపత్రాలు ఇస్తాయి, కనుక లెక్క చూపడం కష్టం కాదు. కానీ అక్కడ కూడా సంఖ్యకు పాయింట్లు పెట్టవద్దని బతిమాలుతున్నాను. పెడితే ఒక్క వాక్యపు సమీక్షలు వరదలా వస్తాయి. ఏడాదిలో తాను శ్రద్ధగా చేసిన సమీక్షలు కొన్నే అయినా, వాటికి సమయం కేటాయించడాన్ని విభాగం గుర్తిస్తే చాలు. ముడి దత్తాంశాన్నీ ప్రయోగశాల నోటుపుస్తకాలనూ విద్యార్థి వెళ్లిపోయాక కూడా విభాగంలో భద్రపరచండి. పత్రికల నుంచి వచ్చే ఫిర్యాదులకు జవాబు చెప్పే బాధ్యతను ఒక అధికారికి అప్పగించి, ఆయన పేరూ ఈమెయిలూ మీ వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా పెట్టండి. విచారణ నివేదికను మాకు పంపండి. ఫలితం ఎవరికి అనుకూలమైనా సరే, ఏం చూసి ఆ నిర్ణయానికి వచ్చారో అందులో ఉండాలి.

పరిశోధక విద్యార్థులకు సమీక్ష చేయడం నేర్పించే శిక్షణ మన దగ్గర దాదాపు లేదు. పేపరు ఎలా రాయాలో చెప్పే కార్యశాలలు కోకొల్లలు. ఇతరుల పేపరును ఎలా చదవాలి, ఎక్కడ అనుమానించాలి, అనుమానాన్ని అవమానించకుండా ఎలా రాయాలి అన్నది ఎవరూ చెప్పరు. దీనికి మా పత్రిక సంపాదక వర్గం సిద్ధంగా ఉంది. మీ విశ్వవిద్యాలయం పిలిస్తే మా సొంత ఖర్చులతో వస్తాం. రెండు రోజులు చాలు. అచ్చయిన పేపర్లు, రచయితల అనుమతితో వాటి తొలి ప్రతులు, పేర్లు తీసేసిన సమీక్షలు వెంట తెస్తాం. విద్యార్థులతో కూర్చుని పట్టిక పట్టికగా, బొమ్మ బొమ్మగా చదువుతాం. గౌరవ వేతనం వద్దు, శాలువాలు వద్దు, ప్రారంభ సభ కూడా వద్దు. ఒక తరగతి గది, ప్రొజెక్టర్, విద్యార్థులతో పాటు ఆ రెండు రోజులూ కూర్చోగల కొందరు ఆచార్యులు ఉంటే చాలు. మీ అకడమిక్ కౌన్సిల్ తదుపరి సమావేశం అజెండాలో పత్రికల జాబితా అంశం ఉంటే, దానికి ముందే ఒక తేదీ ఇవ్వండి.

గౌరవంతో,
ఒక విజ్ఞానశాస్త్ర పరిశోధన పత్రిక సంపాదకుడు
హైదరాబాదు